పొయ్యి లేని ఇల్లు

చంద్రగిరి,
జూన్ 12.

రూతుకు,

ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాలంలో కవరు కొని రాసేదెవరు? ఏం చేసేది మరి! నా గొంతు వింటే నువ్వు ఏడుస్తావు. ఏడిస్తే ఆయాసం. ఆయాసం వస్తే మీ గ్రేసీ అక్క ఫోను లాక్కుని, "నీకు దండం పెడతా సునీలూ, దానికి ఫోన్ చేయబాకు" అంటుంది. నాలుగుసార్లు ఇట్లాగే అయింది. అందుకే పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటరులో అమ్మాయి "రిజిస్టరా సార్, కోర్టు పనా?" అని అడిగింది. కాదమ్మా, నా పెండ్లానికి అన్నాను. ఎగాదిగా చూసింది.

నువ్వు గూడూరు వెళ్లి ఇరవై రెండు రోజులు. పెద్దాసుపత్రి డాక్టరు నీ ఎదురుగానే నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "ఈమెకు మందులకంటే ముందు పొగ లేని ఇల్లు కావాలయ్యా." పద్దెనిమిదేళ్లు మన హోటలు వెనక కట్టెల పొయ్యి ముందు కూర్చుని, వచ్చేపోయే లారీలవాళ్లందరికీ సంగటి కెలికి పెట్టావు. నేను గల్లా దగ్గర గాలికి కూర్చున్నాను, నువ్వు పొగలో కూర్చున్నావు. తప్పు నాదే రూతూ. నోటితో చెప్పలేక కాగితం మీద చెబుతున్నాను.

ఇప్పుడు మంచి మాట విను. పొయ్యి ఆర్పేశాను. ఇంట్లో గ్యాసు బండ కూడా తిరిగి ఇచ్చేశాను. వంట కరెంటు, వేన్నీళ్లు కరెంటు, హోటల్లోకి కూడా పెద్ద కరెంటు స్టవ్వులు రెండు వచ్చాయి. కరెంటు పనులు చేసే మునిరత్నం వచ్చి వైర్లు లాగి పోయాడు.

మొదటిరోజే నవ్వులపాలయ్యాను అనుకో. కొత్త స్టవ్వు మీద మన సిలవరు సట్టి పెట్టి, ఎసరు పోసి, మీట నొక్కాను. కుయ్ కుయ్‌మని అరుస్తుందే గానీ వేడెక్కదు. చెడిపోయినదాన్ని అంటగట్టారని అంగడికి మోసుకెళ్లి గొడవపడ్డాను. అంగడాయన సొరుగులోంచి అయస్కాంతం తీసి సట్టికి ఆనించాడు, జారి కిందపడింది. "ఇది అతుక్కుంటేనే ఆ స్టవ్వు పనిచేస్తాదప్పా. సిలవరు గిన్నెకు అతుక్కోదు" అన్నాడు. ఆ అయస్కాంతం అడిగి తెచ్చుకుని ఇల్లంతా తిరిగాను. మీ అమ్మ పెట్టిన సామాన్లలో ఒక్కటీ పనికిరాలేదు, దోసెల పెనం తప్ప. మూడు రోజులు దోసెలే తిన్నాను.

గేటు పక్కన నేను ముచ్చటపడి నాటిన కోనోకార్పస్ వరుస గుర్తుందా? ఆయాసం ఉన్నవాళ్లకు అది పడదని నర్సరీ ఆయన అంటే వేళ్లతో సహా తవ్వించేశాను. ఇప్పుడు అక్కడంతా ఎర్రమట్టే. ఏం నాటాలో నువ్వే చెప్పాలి.

పొద్దున అలవాటు కొద్దీ రెండు గ్లాసుల కాఫీ పోస్తున్నాను. రెండోది గిన్నెలు తోమడానికొచ్చే తిరుమలమ్మ తాగుతోంది. తాగుతూ నన్ను చూసి జాలిపడుతోంది, అది నాకు నచ్చడం లేదు.

నీ
సునీల్


గూడూరు,
జూలై 3.

బావకు,

దోసెల పెనం దగ్గర నవ్వాను. దగ్గు రాకుండా నవ్వాను, అక్క సాక్షి. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుంటే, "పదారేండ్ల పిల్లవా నువ్వు?" అని ఎక్కిరించింది. అయినా తీయలేదు.

సంగటికి అడుగు మందంగా, చదునుగా ఉండే ఇనుప గిన్నె కొను. కెలికేటప్పుడు దించి కింద పెట్టుకుంటాం కదా, అప్పుడు ఆ స్టవ్వు అరుస్తుంది. అరవనీ. దానికి భయపడి మీదనే పెట్టి కెలికితే గిన్నె తిరిగిపోయి పిండి ఉండలు కడుతుంది. నీళ్లు ఎప్పుడూ పోసేదానికంటే కొంచెం తగ్గించు.

ఇక చెట్లు. బావా, ఈసారి అంగట్లో పచ్చగా కనబడిందల్లా తేవద్దు. మన ఊరి చెట్లు నాటు. ఎవరూ నీళ్లు పోయకపోయినా కొండ మీద బతికేవే ఇంట్లోనూ బతుకుతాయి. కానుగ ఒకటి, రేల ఒకటి, ఉసిరి ఒకటి. కంచెకు వావిలి, మధ్య మధ్య తంగేడు. కానుగ తప్పకుండా నాటు, దాని నీడ చల్లగా ఉంటుంది. వెనకవైపు పందిరి వేసి అనపచిక్కుడు, సొర, అలసంద పాకించు. టమోటా, వంగ, చుక్కకూర నీకు తోచినచోట పెట్టు. కొనే కూర మన ఇంట్లోకి రాకూడదు.

అటక మీద మూడో కుండలో అనపగింజలు ఉన్నాయి. పురుగు పట్టకుండా బూడిదలో కలిపి పెట్టాను. నువ్వు విత్తుకుని, ఒక పిడికెడు నాకూ పంపు. అక్క మిద్దె మీద ఖాళీ కుండీలున్నాయి. మన ఇంటి తీగ ఒకటి ఇక్కడ కళ్లముందు ఉంటే బాగుంటుంది.

నేను బాగానే ఉన్నాను. పొద్దున అక్కతో సందు చివరిదాకా నడుస్తున్నాను. నిమ్మకాయల లారీలు పోతుంటే వీధంతా ఘుమఘుమలాడుతుంది. ఎంత మంచి వాసనో! నాకు మాత్రం ఏడుపొస్తుంది. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు, అదే నా బాధ. అక్క అన్నీ చేతికి అందిస్తుంది. నన్ను తిట్టేవాళ్లు లేరు, నేను తిట్టడానికి నువ్వు లేవు. ఇంటికి రావాలి బావా. పొయ్యి ఆర్పేశానని రాశావు చూడు, ఆ ముక్క రోజుకు నాలుగుసార్లు చదువుకుంటున్నాను.

రూతు


చంద్రగిరి,
ఆగస్టు 9.

రూతుకు,

వాన పడింది. మామూలుగా కాదు, కోట వైపు కొండ కనబడకుండా రెండు రోజులు పడింది. నువ్వు చెప్పినవన్నీ నాటేశాను. కానుగ మోకాలెత్తు ఉంది. తంగేడు మాత్రం నర్సరీలో దొరకలేదు. "తంగేడును ఎవురన్నా కొంటారా సామీ, గట్ల మీద ఊరికే ఉండాది కదా" అని నవ్వాడు నర్సరీ ఆయన. నేనే గడ్డపార తీసుకెళ్లి గట్టు మీంచి నాలుగు మొక్కలు తెచ్చాను. రెండు బతికాయి.

మిద్దె మీద సోలారు పలకలు పెట్టించాను. కింద బ్యాటరీ. ఊరంతా కరెంటు పోయినా మన ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. మొన్న కరెంటు పోయినప్పుడు మునిరత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫ్యానునే చూస్తూ గంటసేపు ఉన్నాను. "అన్నా, నాకు వేరే పనుండాది" అని లేచిపోయాడు.

చుక్కకూర వచ్చింది. పప్పులో వేశాను. నీ చేతి రుచి రాలేదు, ఉప్పు తప్ప అన్నీ తక్కువే. పందిరి కింద స్టూలు వేసుకుని తిన్నాను. ఎదురుగా రెండో స్టూలు కూడా వేశాను. ఎవరైనా చూస్తే పిచ్చోడనుకుంటారని మళ్లీ తీసేశాను.

అనపగింజలు పంపుతున్నాను. వానకు కుండలో పాత బూడిద చెమ్మగిల్లి గడ్డకట్టింది. గింజలు పాడవుతాయని జల్లించి, మళ్లీ బూడిదలో బాగా కలిపి పొట్లం కట్టాను. చూశావా, నీ మొగుడు ఎంత జాగ్రత్తపరుడో! రెండు నెలల పైన అయింది మన ఇంట్లో పొగ లేచి. డాక్టరును అడిగి ఎప్పుడు వస్తావో రాయి.

నీ
సునీల్


గూడూరు,
ఆగస్టు 24.

బావకు,

పొట్లం అందింది. విప్పాను. దగ్గుతో అరగంట కూర్చోలేకపోయాను, అది వేరే సంగతి.

పాత బూడిద గడ్డకట్టిందన్నావు. ఈ బూడిద గడ్డకట్టలేదు. పిండిలాగా మెత్తగా, తెల్లగా ఉంది. అందులో చిటికెన వేలంత బొగ్గు ముక్క ఒకటి వచ్చింది. సరుగుడు బొగ్గు. నేను ఉన్నన్నాళ్లూ మనం కాల్చింది తుమ్మ కట్టెలు. నేను వచ్చేశాక సరుగుడు దింపించావన్నమాట.

విత్తనాన్ని బూడిద లేకుండా పంపడం మన చేతులకు రాదు. నువ్వు ఆలోచించి చేసింది కాదు, అలవాటు మీద చేశావు. అందుకే నమ్ముతున్నాను, ఈ బూడిద అబద్ధం చెప్పదు.

"ఆర్పేసిన పొయ్యిలో కొత్త బూడిద యాడ నుంచి వచ్చినాది బావా?" ఇదే నీ ఎదురుగా నిలబడి అడగాల్సింది. రెండు నెలలు నన్ను ఎంత ఆశపెట్టావు! గింజలు కుండీలో విత్తలేదు. అట్లే ఉన్నాయి.

రూతు


చంద్రగిరి,
సెప్టెంబరు 2.

రూతుకు,

అవును. పొయ్యి మండుతోంది.

ఇంట్లో సంగతి అబద్ధం కాదు. ఇంట్లో అగ్గిపుల్ల కూడా లేదు. హోటలు వెనక పొయ్యి మాత్రం ఆర్పలేకపోయాను. కరెంటు స్టవ్వులు పెట్టింది నిజం, నాలుగు రోజులు వాటి మీద సంగటి చేసింది నిజం. ఐదోరోజు లారీ డ్రైవరు బాలాజీ ముద్ద విరిచి, వాసన చూసి, పక్కన పెట్టేశాడు. "బోర్డు మీద కట్టెల పొయ్యి అని రాసి పెట్టుకోని, ఇదేందన్నా ఆసుపత్రి కూడు మాదిరి ఉండాది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ మధ్యాహ్నమే తిరుమలమ్మతో పొయ్యి రాజేయించాను.

రుచి పోతుందని కాదు, బేరం పోతుందని కూడా కాదు. అది మా అమ్మ వేసిన పొయ్యి. మా నాయన చనిపోయినప్పటి నుంచి అది మమ్మల్ని సాకింది. ఈ రోడ్డు మీద నా గురించి ఎవరినడిగినా "కట్టెల పొయ్యి సునీలు" అంటారు. అది ఆరిపోతే నేనెవరిని? చెప్పుకోవడానికి నాకు ఇంకేముంది?

ఇంటికీ హోటలుకీ నలభై అడుగులుంది. మధ్యలో కానుగ, వావిలి పెరిగితే పొగను అవే ఆపేస్తాయనుకున్నాను. అంత దూరం చాలదా రూతూ? డాక్టరును ఒక్కమాట అడుగు. తిట్టాలనుకుంటే తిట్టు గానీ, ఉత్తరం మాత్రం మానొద్దు.

సునీల్


గూడూరు,
సెప్టెంబరు 20.

బావకు,

తిట్టాలని కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్టి చించేశాను. నిన్ను తిట్టే అర్హత నాకూ లేదు. నేనూ అబద్ధమే రాశాను.

సందు చివరిదాకా నడుస్తున్నానన్నాను కదా. జూన్ నెలాఖరు నుంచి నేను గడప దాటలేదు. ఇక్కడి డాక్టరు ఆక్సిజన్ మిషన్ పెట్టమన్నాడు. చిన్న బీరువా అంత ఉంటుంది, ప్లగ్గుకు తగిలిస్తే గుర్రుమంటూ గాలి పంపుతుంది. రోజులో పదహారు గంటలు ముక్కుకు ట్యూబు పెట్టుకునే ఉండాలి. ట్యూబు పొడవు ఏడు మీటర్లు. నా లోకం ఇప్పుడు అంతే. మంచం, వంటింటి గుమ్మం, కిటికీ. నిమ్మకాయల లారీలు ఆ కిటికీలోంచే చూశాను.

ఎందుకు చెప్పలేదంటే, నువ్వు నన్ను ఇట్లా చూడకూడదని. నువ్వు చూడ్డానికి వస్తానన్నప్పుడల్లా అక్క చేత వద్దనిపించిందీ అందుకే. బస్సెక్కించినప్పుడు నేను నడిచి ఎక్కాను కదా, నీకు ఆ రూతే గుర్తుండాలనుకున్నాను. ఇంటికొచ్చేలోపు తగ్గిపోతుందని కూడా ఆశపడ్డాను. తగ్గేది కాదట.

నలభై అడుగులు చాలదా అని అడిగావు. డాక్టరును అడిగాను. చాలదన్నాడు. "పొగ నీ ఊపిరికి పడదు. ఈ మిషన్ దగ్గరకు నిప్పు తేకూడదు, అంటుకుంటాదమ్మా. నువ్వు, మండే పొయ్యి ఒక కాంపౌండులో ఉండే మాట మర్చిపో" అన్నాడు.

ఇప్పుడు నా మాట విను. నీ పొయ్యి ఆర్పొద్దు. నిజంగానే అంటున్నాను, దెప్పడం లేదు. అత్తమ్మ ఆ పొయ్యి ముందు కూర్చుని నిన్ను పెంచింది, నాకు తెలుసు. నా కోసం నువ్వు ఎవరో కాని మనిషివైపోతే, వచ్చి నేను ఎవరితో కాపురం చేసేది? అక్క నన్ను చూసుకుంటుంది. నువ్వు నెలకోసారి వచ్చిపో.

ఇది రాసేసరికి ధైర్యంగానే ఉన్నాననుకున్నాను. లేను బావా. నాకు మన పెరడు కావాలి. ఒక్కసారి చేత్తో అనపకాయ తుంచుకోవాలి. నీ మీద అరవాలి. కానీ నీ పొయ్యి బలి ఇచ్చి రమ్మంటే నా కాళ్లు రావు.

రూతు


చంద్రగిరి,
నవంబరు 14.

రూతుకు,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, చేశాకే రాయాలని. చెప్పి చేయకపోవడం ఒకసారి అయింది, చాలు.

నీ ఉత్తరం వచ్చిన రెండోరోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక బకెట్టుతో నీళ్లు తీసుకుని పొయ్యి దగ్గరకు వెళ్లాను. తిరుమలమ్మ అడ్డం వచ్చింది. "అయ్యో, మండే పొయ్యిలో నీళ్లు పోయకూడదు సునీలన్నా! దానంతట అది ఆరిపోవాల. కూసో" అంది. సరేనని కూర్చున్నాను. నువ్వు కూర్చునే ఆ చిన్న పీట మీదే.

అక్కడ అంతసేపు నేను ఎప్పుడూ కూర్చోలేదు రూతూ. పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా. గాలి రోడ్డు వైపు నుంచి వచ్చి పొగనంతా ఆ పీట మీదికే తోస్తుంది. గంటకు కళ్లు మండి నీళ్లు కారాయి. రెండో గంటకు దగ్గు పట్టుకుంది. లేచి పక్కకు జరుగుదామంటే అటు గోడ, ఇటు కట్టెల మోపు. జరగడానికి చోటే లేదు! నువ్వు ఒక్కమాట అనలేదే నాతో. అన్నావేమో, నేనే వినలేదేమో. పొద్దుగుంకేసరికి నిప్పు బూడిదైంది. మా అమ్మను తలుచుకుని ఏడ్చాను. ఆమె కూడా దగ్గుతోనే పోయింది కదా. అది ముసలి దగ్గు అనుకున్నాం అందరం.

మర్నాడు ఇటుకలు పీకేశాను. బోర్డు మీద "కట్టెల పొయ్యి" అన్న రెండు ముక్కలకు రంగు పూయించాను. ఇప్పుడు ఉత్త "సంగటి" అని ఉంది. కొందరు రావడం మానేశారు. బాలాజీ వచ్చాడు. "రుచి మారిందన్నా" అన్నాడు. అవునప్పా మారింది, ఎందుకంటే నా భార్య ఇంటికి రావాలి అన్నాను. ముద్ద మొత్తం తినేశాడు. తర్వాత, "ఇంకో ముద్ద ఎయ్యి" అన్నాడు. చుక్కకూర పప్పు, వంకాయ, రోట్లో నూరిన టమోటా ఊరుబిండి, అన్నీ మన పెరట్లోవే పెడుతున్నాను. అవి బాగున్నాయనే అంటున్నారు.

నేనెవరిని అని అడిగాను కదా నిన్ను. బుద్ధి లేక అడిగాను. నీ మొగుణ్ణి, అంతే.

ఇంకో పని చేశాను. బట్టలారేసే తాడు ఏడు మీటర్లు కొలిచి, ఒక కొస మన గదిలో ప్లగ్గుకు, ఇంకో కొస నా నడుముకు కట్టుకుని ఇల్లంతా నడిచాను. తిరుమలమ్మ గుండెలు బాదుకుంది, అన్నకు ఏదో పట్టుకుందని. వంటిల్లు అందింది. బాత్‌రూము లోపలిదాకా అందింది. వరండా మెట్టు దగ్గర తాడు లాగేసింది. పెరట్లో ఒక్క మొక్క కూడా అందలేదు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ తాడు నడుముకు ఉండగా నాకు నీ సంగతి బాగా అర్థమైంది.

మునిరత్నాన్ని పిలిచి వరండా బయటి స్తంభానికి ఇంకో ప్లగ్గు పెట్టించాను, వాన తగలకుండా మూత ఉండేది. మిషన్‌కు చక్రాలున్నాయి కదా, వరండాలోకి తోసుకుంటే చాలు. మళ్లీ తాడు కట్టుకుని నడిచాను. అనప పందిరి అందింది. పూత మీద ఉంది. సొరపాదు అందింది. చేయి చాస్తే తంగేడు అందింది. కానుగ ఒక్కటే నాలుగడుగుల అవతల ఉండిపోయింది. పీకి దగ్గరగా నాటుదామంటే మునిరత్నం కసురుకున్నాడు. "పీకబాకన్నా, చచ్చిపోతాది. రెండేండ్లు పోనీ, దాని నీడే ఆయమ్మ దగ్గరకు వస్తాది" అన్నాడు.

వస్తావా?

సునీల్


గూడూరు,
నవంబరు 22.

బావకు,

వస్తాను. శుక్రవారం పొద్దున బయలుదేరుతాం. దారికి చిన్న ఆక్సిజన్ సిలిండరు ఇస్తానన్నాడు డాక్టరు. అక్క కూడా వస్తోంది, వారం ఉండి నీ సంగతి తేల్చుకుని వెళ్తుందట. కాచుకో.

నీ ఉత్తరం అక్క చదివి వినిపించింది. పీట దగ్గరికి వచ్చేసరికి కాగితం నా చేతిలో పెట్టేసింది, మిగతాది నేనే చదువుకున్నాను. చోటు లేదన్నావే, అది నాకు ఎప్పుడూ తోచలేదు బావా. నా చోటు అదే అనుకున్నాను.

ఒక సంగతి నీకు మాత్రమే చెప్పాలి. అక్కకు చెబితే తిడుతుంది. ఇక్కడ ఇన్ని నెలలు నేను దేనికి బెంగపెట్టుకున్నానో తెలుసా? నీ వాసనకు. పెళ్లిరోజు చర్చిలో నువ్వు కొత్త చొక్కా తొడుక్కుని పక్కన నిలబడితే, అందులోంచి కూడా కట్టెల పొగ వాసనే వచ్చింది. అప్పటినుంచి నాకు నువ్వంటే అదే. నా ఊపిరి తీసింది ఆ పొగే, నేను కలవరించిందీ దాని కోసమే. ఈ మాట ఏ డాక్టరుతో చెప్పుకోను?

పొగ వాసన లేని నిన్ను నేను ఇంతవరకు చూడలేదు. ఎట్లా ఉంటావో తెలియదు. పెళ్లిచూపులకు బయలుదేరుతున్నట్టు సిగ్గుగా ఉంది. ముక్కుకు ట్యూబు పెట్టుకున్న నన్నూ నువ్వు చూడలేదు. అక్కడికి ఇద్దరం కొత్తవాళ్లమే.

అందుకని, కారు ఆగగానే పట్టుకోవడానికి ఉరికి రావొద్దు. కాసేపు గేటు దగ్గరే నిలబడు. నేను నిన్ను చూసుకోవాలి.

రూతు